పొందూరు ఖద్దరు ఫోటో, ఇంట్లోని నికానామా స్కాన్: ఏ బొమ్మను ఏ ఫైల్లో దాచాలి?

ఫోటో తీయడం ఇప్పుడు ఇంట్లో పిల్లల నుంచి పెద్దల దాకా అందరికీ వచ్చు. తీసిన దాన్ని ఏ రకం ఫైల్లో దాచుకోవాలి, ఏ రకంలో పంపాలి అన్నది మాత్రం చాలామంది పట్టించుకోరు. ఫైలు పేరు చివర చుక్క తర్వాత జేపీజీ అని ఉన్నా, పీఎన్‌జీ అని ఉన్నా, హైక్ అని ఉన్నా ఫోన్ తెర మీద బొమ్మ ఒకేలా కనిపిస్తుంది. అందుకే తేడా ఏముందిలే అనుకుంటాం. తేడా తర్వాత ఎప్పుడో బయటపడుతుంది. స్కాలర్‌షిప్ ఫారం ఫోటోను తీసుకోదు. దాదా గారి కాలం నాటి దస్తావేజు స్కాన్‌లో అంకె చదవడానికి రాదు. అసలు కాగితం అప్పటికే చెదలు తినేసి ఉంటుంది.

శ్రీకాకుళం జిల్లా పొందూరు సంగతే తీసుకోండి. కొండపత్తి, పునాస పత్తి తెచ్చి, వాలుగ చేప దవడ ఎముకతో దూదిని శుభ్రం చేసి, చేతి రాట్నం మీద 100 కౌంటు సన్నటి నూలు వడికి నేసే ఖద్దరు అది. గాంధీజీ కాలం నుంచి పేరున్న బట్ట. దాన్ని మిల్లు బట్ట నుంచి వేరుగా పట్టిచ్చేది పోగులోని చిన్న చిన్న హెచ్చుతగ్గులే. చేతితో వడికిన నూలు ఒకచోట కాస్త లావుగా, ఒకచోట కాస్త సన్నగా ఉంటుంది. దుకాణానికి వచ్చిన మనిషి వేళ్లతో తడిమి తెలుసుకుంటాడు. హైదరాబాద్‌లోనో దుబాయ్‌లోనో ఉన్న కొనుగోలుదారుకు ఫోటో ఒక్కటే ఆధారం. ఆ ఫోటోను దాచిన పద్ధతే పోగుల హెచ్చుతగ్గులను చెరిపేస్తే, అసలు ఖద్దరు, నకిలీ ఖద్దరు తెర మీద ఒకేలా కనిపిస్తాయి. నష్టం నేతగాడిది.

అందుకని ఈ ఫైళ్ల రకాలేమిటో, ఏది దేనికి పనికొస్తుందో ఒక్కొక్కటిగా చూద్దాం.

రాస్టర్ బొమ్మ అంటే

ఫోన్ కెమెరా, స్కానర్ ఇచ్చేవన్నీ రాస్టర్ బొమ్మలే. అంటే గళ్ల కాగితం లాంటిది. ఒక్కో గడిని పిక్సెల్ అంటారు. ఒక్కో పిక్సెల్‌కు ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎంతెంత అన్న మూడు అంకెలు ఉంటాయి. ఒక్కో అంకె 0 నుంచి 255 దాకా, ఒక బైటులో పడుతుంది. మగ్గం మీద నిలువు పోగు, అడ్డపోగు కలిసిన ప్రతి చోటూ ఒక చుక్క అనుకుంటే, బట్ట మొత్తం ఒక రాస్టర్ బొమ్మే.

దీనికి భిన్నమైనవి వెక్టర్ బొమ్మలు. వాటిలో చుక్కలు ఉండవు, గీతల లెక్కలు ఉంటాయి. దుకాణం లోగో, ఫాంట్లు అలాంటివి. ఎంత పెద్దవి చేసినా చెదరవు. ఫోటోలు, స్కాన్‌లు మాత్రం అలా కావు.

ఇక లెక్క చూడండి. 4000 × 3000 పిక్సెళ్ల ఫోటోలో కోటీ 20 లక్షల పిక్సెళ్లు. ఒక్కోదానికి 3 బైట్ల చొప్పున 3 కోట్ల 60 లక్షల బైట్లు, అంటే దాదాపు 36 ఎంబీ. కానీ మీ ఫోన్లో ఆ ఫోటో చూస్తే 3 ఎంబీయో, 4 ఎంబీయో ఉంటుంది. మిగతా 32 ఎంబీ ఏమైంది? అక్కడే ఫైలు రకం సంగతి వస్తుంది.

కుదించడంలో రెండు దారులు

మొదటిది నష్టం లేని కుదింపు. పెట్టెలో బట్టలు మడతపెట్టి సర్దినట్టు. తీసి విప్పితే అదే బట్ట, ఒక్క పోగు కూడా పోదు. ‘తెలుపు, తెలుపు, తెలుపు...’ అని వెయ్యి సార్లు రాసే బదులు ‘తెలుపు, వెయ్యి సార్లు’ అని రాసుకోవడం లాంటి ఉపాయాలు ఇందులో ఉంటాయి.

రెండోది నష్టంతో కుదింపు. కంటికి అంతగా ఆనని వివరాలను తీసేసి, మిగిలింది దాచడం. ఫైలు చాలా చిన్నది అవుతుంది. కానీ తీసేసిన వివరం మళ్లీ రాదు. ఏ యాప్‌తోనూ, ఏ కంప్యూటర్‌తోనూ నిజమైన వివరం వెనక్కి తేలేం. కృత్రిమ మేధతో ‘స్పష్టంగా’ చేసే యాప్‌లు కూడా ఊహించి గీస్తాయి, అంతే. ముఖం ఫోటోకు అది ముచ్చటగా ఉండొచ్చు. దస్తావేజులో అంకెను ఊహించి గీస్తే ప్రమాదం.

జేపెగ్: అందరికీ తెలిసినది, అందరూ తప్పుగా వాడేది

1986లో ఏర్పడిన ఒక అంతర్జాతీయ నిపుణుల బృందం పేరే దీనికి వచ్చింది. ప్రమాణం 1992లో ఖరారైంది. ఫైలు చివర జేపీజీ అని ఉన్నా, జేపీఈజీ అని ఉన్నా రెండూ ఒకటే.

దీని గుండెకాయ లాంటి లెక్క మన దేశం మనుషుల పేర్లతో ముడిపడి ఉందని చాలామందికి తెలియదు. బెంగళూరులో పుట్టి, అక్కడే ఇంజనీరింగ్ చదివి అమెరికా వెళ్లిన నాసిర్ అహ్మద్ 1972లో ఈ ఆలోచన మీద పరిశోధనకు అక్కడి నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌ను నిధులు అడిగారు. ఆలోచన మరీ తేలికగా ఉందన్నట్టుగా నిధులు ఇవ్వలేదు. ఆయన ఆపలేదు. తన విద్యార్థి టి. నటరాజన్, టెక్సాస్‌లో ప్రొఫెసర్‌గా ఉన్న కామిశెట్టి రామమోహనరావు, ఈ ఇద్దరితో కలిసి 1974 జనవరిలో పరిశోధనా పత్రం ప్రచురించారు. దాని పేరు డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫాం. ఇవాళ ప్రపంచంలో రోజూ తిరిగే కోట్లాది జేపెగ్ ఫోటోల వెనుక ఉన్నది అదే.

అది చేసే పని ఇది. బొమ్మను 8 × 8 పిక్సెళ్ల చిన్న గళ్లుగా విడగొడతారు. ఒక్కో గడిలోని 64 అంకెలను 64 రకాల అలల కొలతలుగా మారుస్తారు. నిదానంగా మారే వెలుగునీడలు కొన్ని అంకెల్లోకి, సన్నటి నలుసు వివరాలు మిగతా అంకెల్లోకి వెళ్తాయి. తర్వాత ఒక్కో అంకెను ఒక పట్టిక ప్రకారం భాగించి, పూర్ణాంకానికి సవరిస్తారు. సన్నటి వివరాల అంకెలు చాలావరకు సున్నా అయిపోతాయి. పైగా మన కన్ను వెలుగును పట్టినంత బాగా రంగును పట్టలేదు కాబట్టి, సాధారణంగా రంగు వివరాన్ని నాలుగో వంతుకు తగ్గించేస్తారు.

మనుషుల ఫోటోలకు, చెట్లూ చేమలకు ఇది చాలా చక్కగా పనిచేస్తుంది. తెల్ల ఖద్దరుకు మాత్రం ఇదే దెబ్బ. తెలుపు మీద తెలుపు పోగుల తేడా చాలా తక్కువ. ఆ వివరం సన్నటిది, తేలికపాటిది కూడా. భాగించి సవరించేటప్పుడు మొట్టమొదట సున్నా అయ్యేవి సరిగ్గా అవే. నాణ్యత 50కి దించి దాస్తే నేత మాయమై, బట్ట ప్లాస్టిక్ కాగితంలా నున్నగా కనిపిస్తుంది.

అక్షరాలకూ ఇదే ఇబ్బంది. నల్లటి అక్షరం, తెల్లటి కాగితం కలిసే అంచు దగ్గర బూడిద రంగు దోమలు ముసిరినట్టు మచ్చలు పడతాయి. ఉర్దూ రాతలో నుక్తాలదే అసలు పని. బే కింద ఒక నుక్తా, పే కింద మూడు, తే మీద రెండు. చిన్న సైజు స్కాన్‌ను గట్టిగా కుదిస్తే మూడు నుక్తాలు ఒక మచ్చగా కలిసిపోతాయి. తెలుగులో వత్తులు, పొల్లులు కూడా అంతే. పేరు మారిపోయినంత పని అవుతుంది.

ఇంకో సంగతి. జేపెగ్‌ను తెరిచి చూస్తే నష్టం లేదు. ఎన్నిసార్లు కాపీ చేసినా నష్టం లేదు. కానీ తెరిచి, కొంచెం కత్తిరించి, మళ్లీ జేపెగ్‌గానే సేవ్ చేస్తే ప్రతిసారీ మరికొంత పోతుంది. జిరాక్స్‌కు జిరాక్స్ తీసినట్టు.

పీఎన్‌జీ: అక్షరాలకు, గీతలకు నమ్మకమైనది

దీని పుట్టుక వెనుక ఒక తగాదా ఉంది. అప్పట్లో ఇంటర్నెట్‌లో వాడే గిఫ్ ఫైళ్ల కుదింపు పద్ధతి మీద యూనిసిస్ కంపెనీకి పేటెంట్ ఉంది. 1994 చివర్లో ఆ కంపెనీ సాఫ్ట్‌వేర్ చేసేవాళ్ల నుంచి రుసుము అడిగింది. దాంతో ఎవరికీ రుసుము కట్టనక్కరలేని కొత్త రకం చేసుకుందామని ఔత్సాహికులు పూనుకున్నారు. 1996 అక్టోబర్ 1న పీఎన్‌జీకి వెబ్ ప్రమాణాల సంస్థ ఆమోదం వచ్చింది.

ఇందులో నష్టం లేదు. ఎన్నిసార్లు సేవ్ చేసినా ఒక్క పిక్సెల్ కూడా మారదు. వెనుక భాగాన్ని పారదర్శకంగా ఉంచొచ్చు. అందుకే సంతకం, దుకాణం ముద్ర, లోగో వంటివాటికి ఇది బాగుంటుంది. ఫోన్ స్క్రీన్‌షాట్లు చాలావరకు పీఎన్‌జీలోనే వస్తాయి.

రంగులు తక్కువ ఉన్న బొమ్మ అయితే ఇది జేపెగ్ కంటే చిన్న ఫైలు కూడా ఇస్తుంది. జాందానీ బుటా కోసం గళ్ల మీద గీసుకునే డిజైన్ చూడండి. నాలుగైదు రంగులే ఉంటాయి. దాన్ని పీఎన్‌జీలో దాస్తే ఫైలూ చిన్నది, ప్రతి గడీ స్పష్టం. అదే జేపెగ్‌లో దాస్తే గళ్ల అంచులు కలగాపులగమై, ఏ పోగు ఏ రంగో తెలియక నేతగాడు తల పట్టుకోవాలి.

లోటు ఒక్కటే. మామూలు ఫోటోలను పీఎన్‌జీలో దాస్తే ఫైలు జేపెగ్‌కు ఎన్నో రెట్లు పెద్దది అవుతుంది. పెళ్లి ఫోటోలు వెయ్యి ఇలా దాస్తే ఫోన్ నిండిపోతుంది.

గిఫ్: కదిలే బొమ్మకే

1987లో కంప్యూసర్వ్ కంపెనీ తెచ్చింది. ఒక ఫ్రేములో 256 రంగులకు మించి ఉండవు. ఈద్ ముబారక్ అంటూ మెరిసే చిన్న చిన్న బొమ్మలకు సరిపోతుంది. ఫోటోకు పనికిరాదు. ముఖం మీద రంగులు మెట్లు మెట్లుగా విడిపోతాయి. అమెరికాలో దాని మీద పేటెంట్ 2003లోనే ముగిసింది కాబట్టి ఇప్పుడు రుసుము గొడవ లేదు. అయినా కదలని బొమ్మకు గిఫ్ వాడటానికి కారణమేమీ లేదు.

బీఎంపీ, టిఫ్: పెద్ద సంచులు

బీఎంపీ విండోస్‌తో వచ్చినది. సాధారణంగా కుదింపు లేకుండా ఉన్నదున్నట్టు రాస్తుంది. ఫైలు మరీ పెద్దది. ఈ రోజుల్లో దాని అవసరం లేదు. పాత కంప్యూటర్లో దొరికితే పీఎన్‌జీలోకి మార్చుకోండి, ఏమీ పోదు.

టిఫ్ సంగతి వేరు. 1986లో ఆల్డస్ కంపెనీ స్కానర్ల కోసం తెచ్చింది. తర్వాత ఆ కంపెనీతో పాటు అడోబీ చేతికి వచ్చింది. ప్రెస్సులు, లైబ్రరీలు, పాత పత్రాలు భద్రపరిచే సంస్థలు ఎక్కువగా దీన్నే నమ్ముకుంటాయి. ఒకే ఫైల్లో చాలా పేజీలు పెట్టొచ్చు. నష్టం లేకుండా కుదించొచ్చు. నలుపు తెలుపు కాగితాలకు ఫ్యాక్స్ యంత్రాల కోసం కనిపెట్టిన కుదింపు కూడా ఇందులో పనిచేస్తుంది.

ఏ4 కాగితాన్ని అంగుళానికి 300 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే 2480 × 3508 పిక్సెళ్లు వస్తాయి. రంగుల్లో అయితే కుదించకముందు దాదాపు 26 ఎంబీ. బూడిద ఛాయల్లో 8.7 ఎంబీ. కేవలం నలుపు తెలుపులో 1.1 ఎంబీ లోపే. అలాగని అన్నీ నలుపు తెలుపులో స్కాన్ చేయకండి. పాత దస్తావేజు మీద వెలిసిన సిరా, ఎర్ర స్టాంపు, వేలిముద్ర అందులో ఎగిరిపోతాయి.

టిఫ్‌తో చిక్కు ఏమిటంటే బ్రౌజర్లలో చాలావరకు తెరుచుకోదు, ఫారాలు తీసుకోవు. కాబట్టి దాచడానికే టిఫ్, పంపడానికి కాదు.

వెబ్‌పీ, హైక్, అవిఫ్: కొత్త తరం

వెబ్‌పీని గూగుల్ 2010లో ప్రకటించింది. నష్టంతోనూ, నష్టం లేకుండానూ, రెండు విధాలుగా దాచగలదు. జేపెగ్ కంటే 25 నుంచి 34 శాతం చిన్న ఫైలు వస్తుందని గూగుల్ చెబుతోంది. ఇప్పటి బ్రౌజర్లన్నీ తెరుస్తాయి. దుకాణం వెబ్‌సైట్‌కు బాగుంటుంది. కానీ నష్టంతో కుదించినప్పుడు రంగు వివరాన్ని తప్పనిసరిగా నాలుగో వంతుకు తగ్గిస్తుంది. పంచె అంచులోని సన్నటి ఎర్ర చారలు అలుక్కుపోయినట్టు కనిపిస్తే కారణం ఇదే కావచ్చు.

హైక్ ఐఫోన్ వాళ్లకు తెలుసు. 2017లో ఐఓఎస్ 11 నుంచి ఐఫోన్లు ఫోటోలను ఇలా దాస్తున్నాయి. దాదాపు సగం చోటులోనే జేపెగ్ అంత నాణ్యత ఇస్తుంది. గల్ఫ్ నుంచి అన్నయ్య పంపిన ఫోటో ఇక్కడి నెట్ సెంటర్ కంప్యూటర్లో తెరుచుకోలేదంటే ముందుగా అనుమానించాల్సింది దీన్నే. ఐఫోన్ సెట్టింగుల్లో కెమెరాలోకి వెళ్లి, ఫార్మాట్స్ దగ్గర ‘మోస్ట్ కంపాటిబుల్’ ఎంచుకుంటే ఇక నుంచి తీసేవి జేపెగ్‌లోనే వస్తాయి.

అవిఫ్ 2019లో వచ్చింది. ఎవరికీ రుసుము లేకుండా వాడుకునేలా కంపెనీలు కలిసి చేసుకున్నది. చాలా చిన్న ఫైలు ఇస్తుంది. క్రోమ్ 2020లో, ఫైర్‌ఫాక్స్ 2021లో, సఫారీ 2022లో దీన్ని తెరవడం మొదలుపెట్టాయి. గట్టిగా కుదించినప్పుడు జేపెగ్‌లా గళ్లు గళ్లుగా విడిపోదు, కానీ నున్నగా తుడిచేస్తుంది. ముఖానికి అందం, ఖద్దరుకు నష్టం.

2022లో ప్రమాణమైన జేపెగ్ ఎక్స్‌ఎల్‌కు ఒక మంచి గుణం ఉంది. ఉన్న జేపెగ్‌ను ఏ నష్టమూ లేకుండా సుమారు 20 శాతం చిన్నది చేసి, కావాలంటే మళ్లీ అదే జేపెగ్‌ను వెనక్కి ఇస్తుంది. అయితే అన్ని బ్రౌజర్లూ దాన్ని ఆదరించలేదు.

జేపెగ్ 2000 అని మరొకటి ఉంది. ఇళ్లలో ఎవరూ వాడరు. కానీ డిజిటల్ సినిమా హాళ్లలో బొమ్మ పడేది దాని నుంచే. ఆధార్ కార్డు మీది క్యూఆర్ కోడ్‌లో ఇమిడి ఉండే చిన్న ఫోటో కూడా ఆ రకమే.

పీడీఎఫ్ బొమ్మ రకం కాదు

చాలామంది ‘పీడీఎఫ్ చేస్తే నాణ్యత పోదు’ అనుకుంటారు. పీడీఎఫ్ ఒక సంచి మాత్రమే. స్కాన్ యాప్‌తో చేసిన పీడీఎఫ్ లోపల ఎక్కువసార్లు ఉండేది జేపెగే. జేపెగ్ మసకగా ఉంటే పీడీఎఫ్ కూడా మసకే.

మసకగా ఉంటే కనీసం మసక అని తెలుస్తుంది. అంతకంటే ప్రమాదం ఇంకొకటి ఉంది. 2013లో జర్మనీకి చెందిన డేవిడ్ క్రీసెల్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త, జిరాక్స్ కంపెనీ స్కానర్లు కొన్ని అంకెలనే మార్చేస్తున్నాయని బయటపెట్టారు. ఒక ఇంటి ప్లాన్‌లో గదుల విస్తీర్ణాలు మారిపోయి కనిపించాయి. 6 ఉన్నచోట 8 పడిన పత్రాలూ దొరికాయి. జేబిగ్ 2 అనే కుదింపు పద్ధతి, చూడటానికి దగ్గరగా ఉన్న అక్షరాలను ఒకటే అనుకుని, ఒకదాని బొమ్మను మరోచోట అతికించడం వల్ల అలా జరిగింది. కంపెనీ తర్వాత సవరణ ఇచ్చింది. పాఠం మాత్రం మనకు మిగిలింది. సర్వే నంబరు, తేదీ, మెహర్ మొత్తం ఉన్న కాగితాన్ని స్కాన్ చేశాక అసలు కాగితం పక్కన పెట్టుకుని ప్రతి అంకెనూ ఒకసారి సరిచూసుకోవాలి.

వాట్సాప్‌లో ఏం జరుగుతుంది

ఫోటోగా పంపితే వాట్సాప్ దాన్ని చిన్నది చేసి, మళ్లీ కుదించి పంపుతుంది. ‘హెచ్‌డీ’ నొక్కితే కాస్త మేలు, కానీ అప్పుడూ కుదింపు ఉంటుంది. ఉన్నదున్నట్టు వెళ్లాలంటే అటాచ్‌లో ‘డాక్యుమెంట్’గా పంపాలి. నికానామా, మార్కుల జాబితా, బట్ట దగ్గరి ఫోటో ఎప్పుడూ డాక్యుమెంట్‌గానే పంపండి.

ఇక్కడే ఒక జాగ్రత్త. ఫోటో ఫైల్లో బొమ్మతో పాటు తీసిన తేదీ, ఫోన్ మోడల్, లొకేషన్ ఆన్‌లో ఉంటే తీసిన చోటు కూడా నమోదై ఉంటాయి. డాక్యుమెంట్‌గా పంపితే అవన్నీ కూడా వెళ్తాయి. ఇంట్లో ఆడపిల్లల ఫోటోలు, సంబంధాల కోసం పంపే ఫోటోలు తెలియని వాళ్లకు ఇలా పంపితే మీ ఇల్లు ఎక్కడుందో చెప్పేసినట్టే. కెమెరా సెట్టింగుల్లో లొకేషన్ ఆపేసుకోవడం మంచిది.

ఖద్దరు ఫోటో తీసి అమ్మేవాళ్లకు

ఒక చిన్న లెక్క వేద్దాం. అంగుళానికి 70 పోగులు, 50 అంగుళాల పన్నా అనుకుందాం. అడ్డంగా 3500 పోగులు. ఒక్కో పోగూ విడిగా కనిపించాలంటే దానికి కనీసం రెండు పిక్సెళ్లు కావాలి, అంటే 7000 పిక్సెళ్లు. 4000 పిక్సెళ్ల ఫోన్ ఫోటోలో పన్నా మొత్తం తీస్తే పోగులు పట్టవు. పట్టకపోగా నీటి అలల్లాంటి చారలు పడతాయి. బట్టలో లేని చారలవి. కొనేవాడు నేతలో లోపం అనుకుంటాడు.

అందుకని రెండు ఫోటోలు పెట్టండి. ఒకటి పంచె లేదా చీర మొత్తం. రెండోది 10 అంగుళాల మేర దగ్గరగా తీసినది. 10 అంగుళాల్లో 700 పోగులు, 4000 పిక్సెళ్లు. ఒక్కో పోగుకు అయిదు పిక్సెళ్లకు పైనే. చేతి వడుకు హెచ్చుతగ్గులు చక్కగా తెలుస్తాయి. వెలుతురు పక్క నుంచి పడేలా, కిటికీ దగ్గర తీస్తే నీడల వల్ల నేత ఇంకా తేలుతుంది.

మొత్తం బట్ట ఫోటోను జేపెగ్ నాణ్యత 80లోనో, వెబ్‌పీలోనో పెట్టినా ఫర్వాలేదు. దగ్గరి ఫోటోను మాత్రం జేపెగ్ 90 కంటే దించకండి. చోటు చాలకపోతే నాణ్యత తగ్గించే బదులు, అందులోంచి చిన్న ముక్క కత్తిరించి పెట్టండి. రెండు అంగుళాల బట్ట స్పష్టంగా కనిపించడం, రెండు గజాలు మసకగా కనిపించడం కంటే మేలు.

ఆన్‌లైన్ ఫారాలు ఫోటోను ఎందుకు తిప్పికొడతాయి

ఫారంలో ‘50 కేబీ లోపు జేపీజీ’ అని ఉంటుంది. మనవాళ్లు 4000 × 3000 ఫోటోను అలాగే ఉంచి యాప్‌తో 50 కేబీకి నొక్కేస్తారు. 36 ఎంబీ సమాచారాన్ని 50 కేబీలో కూరితే 720వ వంతు. ముఖం గళ్లు గళ్లుగా విడిపోతుంది.

సరైన పద్ధతి ముందు కొలత తగ్గించడం. 35 × 45 మిల్లీమీటర్ల పాస్‌పోర్టు సైజు ఫోటోకు అంగుళానికి 300 చుక్కల చొప్పున 413 × 531 పిక్సెళ్లు చాలు. అది కుదించకముందు 658 కేబీ. 50 కేబీ చేయాలంటే 13వ వంతుకు తగ్గితే సరిపోతుంది. ముఖం శుభ్రంగా ఉంటుంది. ఫారంలో పిక్సెళ్ల కొలత వేరేగా రాసి ఉంటే దాన్నే పాటించండి.

ఫైలు పేరు చివర హైక్ తీసేసి జేపీజీ అని టైపు చేస్తే ఫైలు మారదు. సీసా మీద చీటీ మార్చినంత మాత్రాన లోపలి మందు మారదు కదా. ఫోటో యాప్‌లో తెరిచి ‘సేవ్ యాజ్’ లేదా ‘ఎక్స్‌పోర్ట్’ ద్వారానే మార్చాలి. అలాగే జేపెగ్‌ను పీఎన్‌జీలోకి మార్చినంత మాత్రాన పోయిన వివరం తిరిగి రాదు. అక్కడి నుంచి కొత్త నష్టం జరగదు, అంతే.

ఇంటి కాగితాలకు, పాత ఫోటోలకు

నికానామా, ఇంటి దస్తావేజు, పెద్దల సర్టిఫికెట్లు వంటివి రంగుల్లో, 300 చుక్కలకు తగ్గకుండా స్కాన్ చేయండి. నానీ, దాదీల కాలం నాటి చిన్న నలుపు తెలుపు ఫోటోలైతే 600 చుక్కలు పెట్టండి. అప్పుడు పెద్దది చేసి ప్రింటు వేయించుకోవచ్చు. నెట్ సెంటర్‌లో స్కాన్ చేయిస్తే ‘టిఫ్‌లో గానీ, పీఎన్‌జీలో గానీ ఇవ్వండి’ అని ముందే అడగండి. ఇంట్లో ఫోన్‌తో తీయాల్సి వస్తే కాగితాన్ని చదునుగా పరచి, నీడ పడకుండా, ఫోన్‌ను సరిగ్గా పైనుంచి పట్టుకుని తీయండి.

ఆ మొదటి ఫైలును ‘అసలు’ అని ఒక ఫోల్డర్లో పెట్టి, దాన్ని ఎప్పుడూ మార్చకండి. పంపాల్సి వచ్చినప్పుడల్లా దాని నుంచి ఒక జేపెగ్ నకలు తీసుకుని, కత్తిరించడం, కుదించడం ఆ నకలు మీదే చేయండి. ‘అసలు’ ఫోల్డర్‌ను రెండు వేర్వేరు చోట్ల, అంటే ఒక పెన్‌డ్రైవ్‌లోనో హార్డ్ డిస్క్‌లోనో, మరొకటి క్లౌడ్‌లోనో ఉంచండి. క్లౌడ్ యాప్‌లో ‘ఒరిజినల్ క్వాలిటీ’ ఎంచుకున్నారో లేదో చూసుకోండి. లేకపోతే అది కూడా కుదించేస్తుంది. స్కాన్ ఉంది కదా అని అసలు కాగితాన్ని మాత్రం పారేయకండి. చాలా పనులకు అధికారులు దాన్నే చూపించమంటారు.

ఒక్క చూపులో

మామూలు ఫోటోలు, పెళ్లి ఫోటోలు: జేపెగ్, నాణ్యత 85 నుంచి 90. ఐఫోన్లో దాచుకోవడానికి హైక్ చాలు.

దస్తావేజులు, నికానామా, ఉర్దూ చేతిరాత: దాచడానికి టిఫ్ లేదా పీఎన్‌జీ. పంపడానికి నాణ్యత ఎక్కువగా ఉంచిన జేపెగ్ లేదా పీడీఎఫ్.

సంతకం, లోగో, స్క్రీన్‌షాట్, నేత డిజైన్: పీఎన్‌జీ.

దుకాణం వెబ్‌సైట్: బట్ట మొత్తానికి వెబ్‌పీ లేదా జేపెగ్. నేత దగ్గరి ఫోటోకు నాణ్యత 90 జేపెగ్.

ఆన్‌లైన్ ఫారాలు: అడిగిన కొలతకు ముందు చిన్నది చేసి, తర్వాత జేపెగ్.

కదిలే చిన్న బొమ్మ: గిఫ్.

పాత బీఎంపీలు: పీఎన్‌జీలోకి మార్చుకోవడం.

ఈ వారం వీలు చూసుకుని ఇంట్లోని ముఖ్యమైన కాగితాల్లో ఒక్కటైనా ఇలా స్కాన్ చేసి దాచుకోండి. పిల్లలకు నేర్పితే మిగతావి వాళ్లే చేసిపెడతారు.